ఖమీసా ఆల్చిప్ప

మట్టి పనిలో మా దహబియక్కకు సాటి వచ్చేవాళ్లు ఈ సెజ్నాన్ కొండల్లో లేరు. నోటి దురుసులోనూ లేరు. పక్కింటిదాన్ని గనుక నలభై ఏళ్లుగా రెండూ భరిస్తున్నాను.

మొన్న బడి పక్కనున్న పాత ధాన్యపు కొట్టును మ్యూజియం చేసి, మా కుండల చరిత్రంతా అందులో పెట్టారు. మా అమ్మమ్మలు చేసిన పళ్లేలూ బానలూ మట్టి పిట్టలూ అద్దాల వెనక పెళ్లికూతుళ్లలా కూర్చున్నాయి. ఆడవాళ్లందరం మంచి బట్టలు కట్టుకుని వెళ్లాం. గోధుమ రవ్వ కుస్కుస్ వడ్డించే ఒక పెద్ద పళ్లెం ముందు అక్క ఆగిపోయింది. తనకు చదువు రాదు, కింద ఉన్న కార్డు నన్ను చదవమంది.

"చేసినవారు: తెలియదు," అని చదివాను.

"తెలియకపోవడమేమిటే! మా అమ్మ ఖమీసా చేసింది!"

అక్క అరుపుకు మ్యూజియం చూసుకునే నజీబ్ పరుగెత్తుకొచ్చాడు. పట్నం కుర్రాడు, మంచివాడే.

"అమ్మా, ఇది మా అమ్మదేనని నిన్నటి నుంచి చెప్పినవాళ్లలో మీరు నాలుగోవారు. ఆధారం లేకుండా ఎవరి పేరని రాయను?"

"ఆధారమా? నువ్వు మీ అమ్మ కొడుకువని ఆధారం చూపించే వచ్చావా ఇక్కడికి?"

అందరూ నవ్వారు. అక్క మాత్రం నవ్వలేదు. ఖమీసా చేసినవన్నీ రోడ్డు పక్కన అమ్మి పిల్లల్ని పెంచింది. ఇంట్లో ఒక్క గిన్నె మిగల్లేదు, ఒక్క ఫొటో లేదు. అక్క కళ్లలో నీళ్లు చూసి నాకు ప్రాణం ఉసూరుమంది.

"అక్కా, నీ ఆల్చిప్ప ఏదీ?" అన్నాను.

పచ్చి కుండను మేం ఆల్చిప్పతో నునుపు చేస్తాం. తల్లి ఆల్చిప్ప పెళ్లినాడు కూతురికి చేరుతుంది. అక్క దాన్ని నడుముకు దోపుకోకుండా విందుకైనా వెళ్లదు. ఏడేళ్లప్పుడు దాంతో బాదం కాయలు కొట్టి అంచు విరగ్గొట్టింది. ఖమీసా చితకబాదింది గానీ, తన తల్లి ఇచ్చినదని పారెయ్యలేదు. ఆ విరిగిన అంచు వల్ల ఆ తర్వాత ఆమె చేసిన ప్రతి పాత్ర మీదా వెంట్రుకంత సన్నని గీతలు రెండు పక్కపక్కనే నడిచేవి.

నజీబ్ అద్దం తెరిచాడు. అక్క ఆల్చిప్పను పళ్లెం మీద ఆనించింది. విరిగిన అంచు గీతల్లో సరిగ్గా కూర్చుంది. మెల్లగా తిప్పింది. బండి చక్రం గాడిలో నడిచినట్టు పళ్లెం చుట్టూ తిరిగొచ్చింది.

ఇక చూడండి, కొట్టు కప్పు ఎగిరిపోయేట్టు కేకలు! ఆ పళ్లెం తన తల్లిదేనని ముందు రోజే ఒట్టేసిన హనియా అందరికంటే గట్టిగా, పెళ్లిళ్లలో మేం చేసినట్టు నాలుక ఆడించి సంబరపు కేక పెట్టింది.

నజీబ్ కొత్త కార్డు మీద "చేసినవారు: ఖమీసా" అని రాశాడు.

"ఇంకో వరుస రాయి బాబూ," అంది అక్క.

"ఏమనమ్మా?"

"ఆల్చిప్ప విరగ్గొట్టింది: కూతురు దహబియా. ఆ రోజు తిన్న దెబ్బలు ఊరికే పోతాయా మరి?"

కుర్రాడు పగలబడి నవ్వుతూనే రాశాడు.

ఇప్పుడు వారానికోసారి అక్క నన్ను అక్కడికి లాక్కెళ్లి ఆ రెండు వరుసలూ చదివించుకుంటోంది. అవి నాకెప్పుడో నోటికొచ్చేశాయి. ఆమెకూ వచ్చేశాయి. అయినా వెళ్తాం.