పదకొండో క్లాంపు

సార్ పోయారన్న కబురు మూడు గంటలసేపు నా లాకర్లో పడి ఉంది. విమానం ఇంధన ట్యాంకులోకి దిగేటప్పుడు ఫోను, గడియారం, ఉంగరం, జడలో పిన్నులతో సహా అన్నీ బయటే వదిలెయ్యాలి. నేను రెక్కలో వెల్లకిలా పడుకుని వైర్లు చూసుకుంటున్న వేళకి ఢిల్లీ ద్వారకలోని ఫ్లాట్లో ఆయన ఊపిరి ఆగిపోయింది. బయటికొచ్చి, మొహం కడుక్కుని ఫోను తీస్తే ఆయన కూతురి మెసేజ్. "పాపా నో మోర్, దీదీ." చెమట బట్టలతోనే బెంచీ మీద కూలబడ్డాను. ఏడుపు వెంటనే రాలేదు. ముందు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. హ్యాంగర్లో కూడా ఎవరం పేరు పెట్టి పిలవలేదు, అందరికీ సారే. క్వాలిటీ ఇన్‌స్పెక్టరు. సొంతూరు గుంతకల్లు. ముప్ఫై ఏళ్ళు ఢిల్లీలో ఉన్నా ఆ యాస కొంచెం కూడా అరగలేదు, ఆయన హిందీ కూడా గుంతకల్లు హిందీయే. ఎప్పుడూ నూలు చొక్కా, జేబులో పెన్సిలు. ఐదేళ్ళ కిందట రిటైరయ్యారు. ఈ పనిలో నాకు వచ్చినదాంట్లో ముప్పాతిక ఆయన పెట్టిన భిక్ష. మిగతా పాతిక ఆయన్ని తిట్టుకుంటూ నేర్చుకున్నాను.

మా పని సంగతి కొంచెం చెప్పాలి. విమానం రెక్కలే దాని ట్యాంకులు. భుజాలు ఏటవాలుగా పెడితే తప్ప పట్టని రంధ్రంలోంచి లోపలికి పాకాలి. ఇంధనం ఎంతుందో కొలిచే వైర్ల కట్ట లోపల ఈ చివర నుంచి ఆ చివరకి పోతుంది. దాన్ని అక్కడక్కడ క్లాంపులు పట్టి ఉంచుతాయి. ఏళ్ళ తరబడి అదిరి అదిరి వైరు ఆ క్లాంపుకి ఒరుసుకుని, పైతొడుగు అరిగిపోవచ్చు. ఆవిరి నిండిన ట్యాంకులో ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే విమానం కొన్ని గంటలు ఎగిరాక ఈ వైర్లని ఒక మనిషి లోపలికి దిగి, కళ్ళారా చూసి తీరాలని నిబంధన. చూశామని కార్డు మీద సంతకం పెట్టి, మన నంబరున్న స్టాంపు వేస్తేనే అది మళ్ళీ ఎగురుతుంది.

లోపల ఒకరుంటే రంధ్రం దగ్గర ఇంకొకరు కాపలా ఉండాలి. సార్ కూర్చుంటే మాత్రం అది కాపలా కాదు, నోటి పరీక్ష.

"మూడోది చూశా సార్."

"చూశా అనొద్దు పాపా. ఏం చూసినావో చెప్పు."

"క్లాంపు బాగుంది."

"క్లాంపు సంగతి నేనడగలా. దాని కింద వైరేం రంగు? రబ్బరు యాడిదాకా ఉండాది? అద్దం ఏ పక్క పెట్టినావు?"

లోపల ఊపిరాడక నేను చస్తుంటే ఈయన రంగులడుగుతాడేమిటని పళ్ళు నూరుకునేదాన్ని. మాది తెనాలి, నోరు ఊరుకోదు. "నీలం రంగు సార్, జరీ అంచు కూడా ఉంది" అన్నానొకసారి. "సరే, బ్లౌజు పీసు ఉండాదా చూడు" అన్నారు నవ్వకుండా. తరువాత ఆ మూడోది మళ్ళీ మొదట్నుంచి చెప్పించుకున్నారు.

ఇంట్లోనూ అదే వరస. ఆదివారాలు తెలుగువాళ్ళం నలుగురైదుగురం బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీల కోసం వాళ్ళింటికి చేరేవాళ్ళం. హాల్లోంచి వంటింట్లోకి కేకేసేవారు, "గ్యాస్ ఆపినావా?" అని. ఆంటీ ఆపినానంటే "ఆపినా అంటే? నాబు ఏ పక్కకుండాది?" అనేవారు. ఒకరోజు ఆంటీ గరిటె పట్టుకునే హాల్లోకి వచ్చి, "సంతకం కూడా పెట్టల్లా? కార్డు తెచ్చుకోపో" అంది. ఆయన నిజంగానే లేచి వెళ్ళి, నాబు చూసొచ్చి కూర్చున్నారు. మేమంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం.

తొమ్మిదేళ్ళ కిందటి మే నెలలో ఒక మధ్యాహ్నం నాకు ఆ నవ్వు దిగిపోయింది.

అప్పటికి నేను ఇంజినీరునై, నా చేతికి స్టాంపు వచ్చి రెండున్నర నెలలు. ఆ రోజు సార్ వేరే విమానం దగ్గర ఉన్నారు. నా రంధ్రం దగ్గర కాపలాకి హర్యానా టెక్నీషియన్ భయ్యా కూర్చున్నాడు. మంచివాడే, కానీ తొందర మనిషి. కార్డులో పద్నాలుగు క్లాంపులున్నాయి. పదకొండోది ఒక పైపు వెనకాల ఉంటుంది. మోచెయ్యి మెలిపెట్టి అద్దాన్ని వెనక్కి పంపితే తప్ప దాని కింది వైరు కనపడదు. బయటి నుంచి గొట్టంతో గాలి కొడుతున్నా ఆ ఎండకి రెక్క పెనంలా కాలుతోంది.

"దస్?" అని పదోదాని సంగతి అడిగాడు భయ్యా.

"ఠీక్ హై."

"గ్యారహ్?" పదకొండోది.

అప్పుడే నా పిక్క పట్టేసింది. కాలు చాపుకునే చోటు లేదు. పైపు వెనక క్లాంపు అంచు తళుక్కుమంది. "ఠీక్ హై" అన్నాను.

"బారహ్?"

అలా పద్నాలుగు టిక్కులూ పడ్డాయి. బయటికొచ్చి భయ్యా సంతకం పక్కన నా సంతకం పెట్టి, స్టాంపు వేసి, క్యాంటీన్‌కి వెళ్ళి నిమ్మకాయ షికంజీ తీసుకున్నాను. అది తాగుతూ, సార్ అలవాటు చేసిన రోగం కదా, ఒకటో క్లాంపు నుంచి ఏం చూశానో నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. పది దాకా రంగులూ రబ్బర్లూ వరసగా వచ్చాయి. పదకొండు దగ్గర ఏమీ లేదు. ఒక తళుకు ఉంది, అంతే. గ్లాసు బల్ల మీద పెట్టేశాను.

కిటికీలోంచి చూస్తే ట్యాంకు మూత బిగించేశారు. విమానాన్ని హ్యాంగరు బయటికి లాగేశారు. ఇంధనం లారీ దాని వైపే వస్తోంది. ఒకసారి ట్యాంకులో ఇంధనం పడిందంటే, మళ్ళీ తోడేసి, ఆవిరి పోయేదాకా గాలి పెట్టి మనిషిని దింపడం మర్నాటి మాటే. ఆ విమానం సాయంత్రం నాలుగింటికి పట్నా వెళ్ళాలి.

నిజం రాస్తున్నాను, వెంటనే లేవలేదు. పదమూడు బాగున్నాయి, అదొక్కటే ఎందుకు బాగుండదు అనుకున్నాను. స్టాంపు వచ్చిందని తెనాలిలో మా నాన్న వీధంతా లడ్డూలు పంచాడు. చెబితే ఆ స్టాంపు లాక్కుంటారు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు, సాయంత్రం అందులో కూర్చునే పట్నావాళ్ళకి కూడా. ఆ చివరి మాట నా మనసులోకి రాగానే కుర్చీ వెనక్కి తోశాను. లేచి పరిగెత్తాను.

సార్ తన టేబుల్ దగ్గర ఏదో రాసుకుంటున్నారు.

"సార్, పదకొండోది..."

తలెత్తి నా మొహం చూశారు. "ఏం చూసినావో చెప్పు."

"ఏమీ చూడలేదు సార్."

రాసుకుంటున్నది వదిలేసి లేచారు. మోకాళ్ళ నొప్పులతో మెట్లు కూడా మెల్లగా దిగే మనిషి, ఆ ఎండలో కాంక్రీటు మీద పరిగెత్తడం మొదటిసారి చూశాను. లారీ ఆగింది. లారీ మనిషి గొట్టం విప్పి రెక్క కిందికి లాక్కొస్తున్నాడు. సార్ వెళ్ళి ఆ గొట్టం మీద చెయ్యి వేసి "రుకో" అన్నారు. ఆయాసంతో రెండో మాట రాలేదు.

రెండు నిమిషాల్లో మేనేజర్ వచ్చాడు. చేతిలో రెండు ఫోన్లూ మోగుతూనే ఉన్నాయి.

"కార్డ్ క్లోజ్ హో గయా, సార్. దోనోంకే సైన్ హైఁ. అబ్ క్యా ప్రాబ్లమ్ హై?" ఇద్దరి సంతకాలూ పడి కార్డు ముగిశాక ఇంకేమిటని అతని ప్రశ్న.

"ఇంజినీర్ బోల్‌తీ, ఏక్ క్లాంపు నహీఁ దేఖా." ఒకటి నేను చూడలేదని చెప్పారు సార్.

మేనేజర్ నా వైపు తిరిగాడు. గొంతు తగ్గించి, చాలా మర్యాదగా అడిగాడు. "బేటా, దేఖా యా నహీఁ దేఖా? సోచ్ కే బోలో."

చూశానో లేదో ఆలోచించి చెప్పమన్నాడు. అంటే ఏం చెప్పమంటున్నాడో నాకు తెలుసు. లారీ మనిషి గొట్టం పట్టుకుని నా నోటి వంకే చూస్తున్నాడు. సార్ మాత్రం నా వైపు చూడలేదు, నేలని చూస్తూ నిలబడ్డారు. ఒక్క చూపు చూసినా బాగుండు అనిపించింది.

"నహీఁ దేఖా" అన్నాను.

మేనేజర్ కార్డు నా చేతిలో పెట్టి, విసురుగా వెళ్ళిపోయాడు. లారీని వెనక్కి పంపేశారు. టేబుల్ దగ్గరికి నడుస్తూ సార్‌ని బతిమాలాను. "మీకే అనుమానం వచ్చి మళ్ళీ చూడమన్నారని రాయొచ్చు కదా సార్. ఇన్‌స్పెక్టర్‌కి ఆ హక్కుంది. నా స్టాంపు మిగులుతుంది."

"రాయొచ్చు."

"మరి?"

"నీ సంతకం అట్లే ఉంటాది. చూడకుండా పెట్టిన సంతకం. దాని మీద నేనెక్కి కూర్చుంటే అది నిజమైతాదా? మొదట నువ్వు కొట్టెయ్. తర్వాత నేను పెడతా."

పెన్నిచ్చారు. పదకొండో గడి మీద గీత కొట్టి, చూడలేదని రాసి, టైము వేశాను. ఆయన మీద అంత ద్వేషం ఎప్పుడూ కలగలేదు.

మూత మళ్ళీ విప్పి, లోపలి గాలి పరీక్ష చేసేసరికి గంట దాటింది. ఈసారి రంధ్రం దగ్గర ఆయనే కూర్చున్నారు. పైపు దగ్గరికి పాకి, మోచెయ్యి మెలిపెట్టాను. చెమట కళ్ళలోకి కారుతోంది. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"చెప్పు."

"అద్దం పైపు కింద నుంచి పెట్టా సార్. రబ్బరు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఉంది."

"వైరు?"

"తెలుపు. కనపడుతోంది. గీత... గీత లేదు సార్."

"అద్దం తిప్పి మళ్ళా చూడు."

తిప్పాను. "లేదు సార్. ఒరిపిడి కూడా లేదు."

తరువాత "పన్నెండు" అన్నారు. అది అయ్యాక మిగతావీ, చివరికి ఒకటి నుంచి పద్నాలుగూ మళ్ళీ చెప్పించారు.

అంటే ఏమీ జరగలేదు. వైరు నిక్షేపంలా ఉంది. నేను నోరు మూసుకున్నా ఆ విమానం పట్నా చేరేది. ఈ మాట ఆ తరువాత ఎన్ని వందల సార్లు అనుకున్నానో. స్టాంపు మూడు నెలలు లాక్కున్నారు, సంజాయిషీ రాయించారు. భయ్యాకి కూడా మెమో వచ్చింది. చాలా రోజులు నా నమస్తేకి అతను బదులివ్వలేదు. నేను ఉగ్గానికి వెళ్ళడం మానేశాను. ఆంటీ ఫోను చేస్తే ఒంట్లో బాగాలేదని అబద్ధం చెప్పాను.

మూడు నెలలు తిరిగాక స్టాంపుని ఆఫీసువాళ్ళు పంపలేదు. సారే తెచ్చి నా చేతిలో పెట్టారు.

"ఈ పాపకి మళ్ళా ఇయ్యొచ్చునా అని నన్నడిగినారు" అన్నారు. "ఈ పాపకే ఇయ్యల్ల అన్నా."

అప్పుడు ఏడ్చాను. హ్యాంగరు మధ్యలో, అందరి ముందూ, సిగ్గు లేకుండా. ఆయన కంగారుపడి "సరే సరే, ఆదివారం రా" అని వెళ్ళిపోయారు. అంతకన్నా ఓదార్చడం ఆయనకి చేతకాదు.

మొన్న ద్వారక వెళ్ళినప్పుడు ఆంటీ ఒక మూల కూర్చుని ఉంది. నన్ను చూసి చెయ్యి చాపింది. కూతురు నన్ను బాల్కనీలోకి తీసుకెళ్ళింది. ఆ అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడదు. "దీదీ, పాపా ఎగ్జాక్ట్‌లీ కర్తే క్యా థే?" అంటూ నాన్న చేసే పనేమిటని హిందీలోనే అడిగింది. "అందరూ వచ్చి గ్రేట్ మ్యాన్ అంటున్నారు. మాకు మాత్రం గ్యాస్ నాబులు చూసే నాన్నే తెలుసు."

ఆయన పేరు మీద ఏ ఘనకార్యమూ లేదు. ఆయన పని సరిగ్గా చేసిన ప్రతిసారీ ఏమీ జరగలేదు, అందుకే చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు. అందుకని ఆ అమ్మాయికి ఆ మే నెల సాయంత్రం సంగతి చెప్పాను.

ఆ రోజు విమానం బయల్దేరేసరికి మూడు గంటలు ఆలస్యమైంది. సార్ డ్యూటీ ఎప్పుడో అయిపోయినా ఇంటికి వెళ్ళలేదు, హ్యాంగరు గేటు దగ్గర నిలబడ్డారు. నేను ఏడ్చి ఉబ్బిన మొహంతో కొంచెం ఎడంగా నిలబడ్డాను. విమానం మా ముందు నుంచి మెల్లగా రన్‌వే వైపు సాగింది. కిటికీల్లో తలలు కనపడుతున్నాయి. ఎవరో విసుగ్గా షట్టర్ దించేశారు.

"మనల్ని తిట్టుకుంటా పోతాండారు" అన్నారు సార్. మళ్ళీ ఆయనే, "పోనీలే పాపా. పోతాండారు గదా" అన్నారు.

అని చెయ్యి పైకెత్తారు, స్టేషన్లో చుట్టాలని రైలెక్కించినవాళ్ళు ఎత్తినట్టు. లోపలివాళ్ళెవరూ ఇటు చూడలేదు. దుమ్ము పట్టిన ఆ ఎర్రటి ఎండలో, చివరి కిటికీ కూడా దాటిపోయేదాకా, ఆయన ఆ చెయ్యి దించలేదు.