సన్నని గోడ

స్కానింగ్ గదిలో ఆవిడను అందరూ నత్త డాక్టరమ్మ అంటారు. దీపం తగ్గించి, జెల్ సీసాను అరచేతుల మధ్య వెచ్చబడేదాకా రుద్ది, తెర మీది బూడిదరంగు మబ్బుల్లోకి దారి తెలిసిన మనిషిలా నడిచిపోతుంది. బయట ఎంతమంది విసుక్కున్నా చీమ కుట్టినట్టయినా ఉండదు.

ఆ రోజు వచ్చినామెకు మూడుసార్లు కడుపు పోయింది. డాక్టరమ్మ గర్భసంచిని నిలువుగా చూసింది. అడ్డంగా చూసేసరికి మబ్బు రెండుగా చీలింది. మధ్యలో సన్నని గోడ! ఆమె తెచ్చిన పాత రిపోర్టులో ‘అంతా బాగుంది’ అని ఉంది. కింద సంతకం తనదే. ఆనాడేదో తొందరలో నిలువుగా మాత్రమే చూసి పంపేసింది.

"పుట్టుకతో వచ్చిన గోడమ్మా ఇది. కడుపు నిలవనివ్వదు. అప్పుడే చూడాల్సింది. నేనే చూడలేదు."

ఆమె తెర వైపు తల తిప్పింది. "అయితే... నేను బరువులెత్తినందుకు కాదా?"

"కాదు తల్లీ."

పొట్ట కోయకుండా, లోపలికి సన్నని గొట్టం పంపి గోడను కత్తిరించారు. రెండు నెలలకు ఆమె మళ్ళీ వచ్చి పడుకుంది. మబ్బు ఒకటే. అయినా డాక్టరమ్మ నిలువుగా, అడ్డంగా, మళ్ళీ నిలువుగా చూస్తూనే ఉంది.

"ఇంకేమైనా ఉందా అమ్మా?"

"ఏమీ లేదు. ఊరికే చూస్తున్నా."

"చూడండి, నాకేం తొందర లేదు," అని ఆమె కళ్ళు మూసుకుంది.