కాడి కింద అరగంట

ఎడ్ల బండలాగుడు పందేల్లో మైకు పట్టడం నాకు ఇరవయ్యేళ్ల అలవాటు. జమ్మలమడుగు చుట్టుపక్కల నా గొంతు తెలియనివాళ్లు తక్కువ. పులివెందుల దగ్గర పుట్టి, బొమ్మలు వేయడం చదువుకున్న నా చిన్ననాటి స్నేహితుడు ప్రొద్దుటూరు స్కూలు మైదానంలో ఒక ప్రదర్శన పెట్టి, అందుకే నన్ను పిలిచాడు.

ఎద్దుకు బదులు తనే నిలబడతాడట. మెడ మీద కాడి, కాడికి మోకు, మోకుకు బండ. పక్కన బల్ల మీద నీళ్ల చెంబు, తువ్వాలు, పూలదండ, ముల్లుగర్ర, చెర్నాకోల. వచ్చినవాళ్లు ఏది తీసుకుని ఏం చేసినా అరగంట సేపు నోరెత్తడు.

"మనుషులు ఏం చేస్తారో చూద్దాం మామా. అరగంట కాంగానే టైమైందని చెప్పు. ఇంకేం మాట్లాడొద్దు" అన్నాడు.

రిటైరైన మాస్టారొకాయన ముందు నీళ్లు తాగించాడు. ఎవరో దండ వేశారు. బుల్లెట్టు మీద వచ్చినాయన ముల్లుగర్రతో నడుములో సరదాగా పొడిచాడు. మావాడు ఉలిక్కిపడి అడుగు వేస్తే బండ జానెడు జరిగింది. జనం నవ్వారు.

నా పాడు నోరు ఊరుకుంటే కదా! "కదిలిందప్పా! గీత ఇంక పదడుగులే!" అని అరిచాను. అది పిల్లల పరుగుపందేనికి వేసిన సున్నపు గీత. దానికీ ప్రదర్శనకూ సంబంధమే లేదు.

చెర్నాకోల చేతులు మారింది. ముందు చొక్కా చిరిగింది, తర్వాత వీపు. ముల్లు తొడలో దిగి విరిగింది. "ఏయ్‌రా! నిలబడిందేంది?" అని కేకలు. నీళ్లు తాగించిన మాస్టారే చెర్నాకోల అందుకుని, అదే దెబ్బ మీద మళ్లీ మళ్లీ కొట్టాడు.

అరగంట అయిపోయింది. వాచీ నా చేతికే ఉంది. గీతకు నాలుగడుగులే మిగిలాయి. వాడు గెలవాలని నాకు నిజంగా అనిపించింది. "టైముంది! ఇంకా ఉంది! ఏయ్‌!" అన్నాను.

గీత దాటి బోర్లా పడ్డాడు. నోట్లోంచి మట్టీ నెత్తురూ కారాయి. ఈలల మధ్య మైకులో వాణ్ణి మెచ్చుకున్నాను కూడా. తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

ఆసుపత్రిలో కుట్లు వేశాక మంచం పక్కన కూర్చుని జనాన్ని తిట్టాను. "వాళ్లు మనుషులా?"

వాడు ఫోనులో ఎవరో తీసిన ప్రదర్శన వీడియో తెరిచి నా చేతికిచ్చాడు. "మాస్టారు ఆపి, టైమైందా అప్పా అని నిన్నే అడిగినాడు మామా."

చూశాను. చెర్నాకోల కిందికి దించి, మాస్టారు నా వైపే చూస్తూ నిలబడి ఉన్నాడు.