ముక్కు వెనక గుంత

బుచ్చిరాములు సిరిసిల్లలో సాంచాలు నడుపుతాడు. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. కుడివైపు నాలుగు, ఎడమవైపు నాలుగు, మధ్యలో ఆయన. ఇరవై ఆరేళ్లుగా ఏ పక్క పోగు తెగినా కంటి కొసలతోనే పసిగట్టేవాడు.

పోయిన ఏడాది అది తప్పింది. గుడ్డలో చారలు పడసాగాయి. నడుస్తుంటే తలుపు చెక్కకు భుజం తగిలేది. పొద్దున్నే తాగి వస్తున్నాడని యజమాని అనుకున్నాడు. ఆయన తాగడని భార్య దేవవ్వకు తెలుసు కాబట్టి, పట్టుబట్టి కంటి పరీక్షకు తీసుకెళ్లింది.

పరీక్ష చేసే వినోద ముందు ఆయన అక్షరాలన్నీ తప్పు లేకుండా చదివాడు. ఆమె అక్కడితో వదల్లేదు. ఎదురుగా కూర్చుని, ఒక్కో కన్నూ మూయించి, తన చేతులు పక్కలకు చాచి వేళ్లు కదిపింది.

"నా ముక్కునే చూడు కాకా. వేళ్లు కదులుతున్నయా?"

"ఏడున్నయ్ బిడ్డా వేళ్లు?"

రెండు కళ్లకూ బయటి పక్క చూపు లేదు.

"గిది అద్దాలతోని పోయేది కాదు. రేపే కరీంనగర్ పోవాలె" అని చీటీ రాసిచ్చింది. మర్నాడు ఫోన్ చేసి, బస్సెక్కారా అని కూడా అడిగింది.

కరీంనగర్‌లో స్కాన్ చూసిన డాక్టర్ కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు. ముక్కు వెనక, పుర్రె అడుగున, ఎముకలో గుర్రపు జీను లాంటి చిన్న గుంత ఉంటుంది. ఒంట్లోని చాలా గ్రంథులను నడిపించే పిట్యూటరీ గ్రంథి, శనగగింజంతది, అందులోనే ఉంటుంది. అక్కడ గడ్డ పెరిగింది. గుంత అడుగున ఎముక, పైన పలుచని పొర. అందుకే గడ్డ పైకి ఉబ్బి, అక్కడ కలుసుకునే కంటి నరాలను నొక్కుతోంది.

"తలకాయ కోస్తరా సారూ?" అంది దేవవ్వ.

"లేదమ్మా. గా గుంత కింద గాలి నిండిన అర ఉంటది. ముక్కుల నుంచి అండ్లకు పోయి గడ్డ తీస్తం. క్యాన్సర్ లెక్క కొడ్తలేదు, ఫికర్ జెయ్యకుండ్రి."

ఆపరేషన్ అయిన మూడో రోజు దేవవ్వ మంచం పక్కన బత్తాయి ఒలుస్తోంది.

"ఎర్ర చీర కట్టినవ్" అన్నాడు బుచ్చిరాములు, తల తిప్పకుండానే. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చూపు కుదుటపడటానికి నాలుగు నెలలు పట్టింది. గ్రంథి నీరసించడంతో రోజూ పొద్దున మాత్ర వేసుకోవాలి. ఇప్పుడు నాలుగు సాంచాలే చూస్తున్నాడు.

దసరా నాడు, చిన్నవాళ్లు పెద్దల చేతిలో పెట్టే జమ్మి ఆకు పట్టుకుని వినోద ఇంటికి వెళ్లాడు.

"చిన్నదాన్ని, నేను గద నీకు పెట్టాలె కాకా" అందామె.

"డాక్టర్ సారు బాగ జేసిండు. కని గాయన దగ్గరికి తోలింది నువ్వేనాయె" అంటూ ఆమె చేతిలో ఆకు పెట్టాడు. ఆమె వంగి తన కాళ్లకు దండం పెట్టబోతే, వద్దని చేతులు పట్టుకున్నాడు. తర్వాత ఆమె కుర్చీ వేసి, చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది.