వెర్నా పేరుతో మోగిన ఫోన్లు

వెర్నా కాడిల్‌కి నోరే బతుకుతెరువు. బొగ్గుగనులు మూతపడ్డ అమెరికాలోని కెంటకీ కొండల్లో, పాత బట్టల దుకాణంలో వెలిసిన కాల్ సెంటర్‌లో కూర్చుని ఇళ్లకు ఫోన్లు చేసి పైకప్పు రేకులు అమ్మేది. కసిరినవాళ్ల చేత కూడా కాసేపటికి మనవళ్ల కబుర్లు చెప్పించేది. అంతటి మాటకారికి సొంత అన్న ఆర్విల్‌తోనే మాటల్లేవు. వదినను పాతిపెట్టిన రోజు డ్యూటీ వదిలి రాలేదని అతను ఆమెను గడప తొక్కవద్దన్నాడు. తప్పు తనదేనని వెర్నాకు తెలుసు. అందుకే పంతం ఇంకా బిగిసింది.

ఒకరోజు యజమాని ట్రెంట్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు.

"వెర్నాగారూ, మన ఫోన్లు మోగినప్పుడు తెర మీద మీ పేరు పడేలా పెడదాం. ఇక్కడివాళ్ల పేరైతే జనం నమ్ముతారు."

"నా పేరుకంత గిరాకీ ఉందా? పెళ్లీడులో లేదే!" అని నవ్వి ఒప్పుకుంది.

కొన్నాళ్లకు ట్రెంట్ ఒక మిషను తెచ్చాడు. అది ఫోను చేసి, రెండుసార్లు మోగించి, పెట్టేస్తుంది.

"ఎత్తకముందే పెట్టేస్తే రేకులెవరు కొంటారయ్యా?"

"రేకులెవడిక్కావాలండీ! మన ఫోన్‌తో వెళ్లేది నంబరు ఒక్కటే. తెర మీద పేరు పడాలంటే అవతలి ఫోన్ కంపెనీ పేర్లు దాచినచోట అడగాలి. అడిగినప్పుడల్లా ఆ కంపెనీ సెంటు డబ్బులో పిసరంత కట్టాలి. అందులో మనకీ వాటా. ఎత్తినా ఎత్తకపోయినా ఒకటే."

"పిసరుతో పొట్ట నిండుతుందా?"

"లక్షల ఇళ్లలో మోగితే ఎందుకు నిండదూ!"

ఇక ఆమె నోటితో ఎవరికీ పని లేదు, పేరుంటే చాలు. వెర్నా మిషను లైట్లు చూస్తూ కూర్చునేది. సిగ్గుగానే ఉండేది, కానీ ఆ ఊళ్లో మరో ఉద్యోగం ఎక్కడుంది?

ఆర్విల్ పక్కింటి ఓపల్ ఓసారి సంతలో పట్టుకుని కడిగేసింది.

"సిగ్గులేదుటే! మీ అన్నకి ఛాతీ నిండా బొగ్గుపొడి, ముక్కుకి ఆక్సిజన్ గొట్టం. ఫోన్ మీద నీ పేరు కనబడగానే పడుతూ లేస్తూ పరిగెడతాడు. 'చెల్లెలే, నోరు రాక పెట్టేస్తోంది' అంటాడు. మొన్న గొట్టం తట్టుకుని పడ్డాడు కూడా."

"నేను కాదక్కా, అది మిషను! అన్నని లేవద్దని చెప్పు!"

ఓపల్ వెళ్లి చెప్పింది. ట్రెంట్‌ని అడిగితే ఆర్విల్ నంబరు తీసేస్తానన్నాడు. ఇవాళా రేపూ అంటూ వాయిదా వేశాడు.

మర్నాడు వెర్నా నిజంగానే అన్నకు ఫోన్ చేసింది. సెల్‌ఫోన్ నుంచైతే పేరు కనబడదు, కొత్త నంబరని ఎత్తడు. అందుకే సెంటర్ ఫోన్ నుంచే చేసింది. ఒక్క మాట, తప్పైపోయిందన్న మాట, పెదవుల మీద సిద్ధంగా పెట్టుకుంది. మోగింది, మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేసింది. అదీ అంతే.

ఆ వారమే ఆర్విల్ పోయాడు.

ఈసారి వెర్నా డ్యూటీ వదిలి వచ్చింది. గడప తొక్కుతుంటే వద్దనేవాళ్లు లేరు. ఓపల్ ఆమె చేయి పట్టుకుంది.

"మొన్న నీ పేరుతో చాలాసేపు మోగిందే. ఎత్తనా అంటే వద్దన్నాడు. 'మిషనేలే ఓపల్. చెల్లెలు కాదుగా. అదైనా నన్ను పిలుస్తోంది, మోగనీ' అన్నాడు."

వెర్నా నోరు తెరిచింది.

బల్ల మీద ఫోన్ మోగింది. తెర మీద ఆమె పేరే. గదిలో అందరూ ఆమె వంక చూశారు. రెండోసారి మోగి ఆగిపోయింది.