క్లారినెట్ భోజన్న పెదవి

నేను దర్జీని. నాందేడ్‌లో ఒక బ్యాండు మేళానికి పదకొండేళ్లు కోట్లు కుట్టాను. ఎర్ర ఉన్ని కోట్లు, భుజాల మీద పసుపు కుచ్చులు, ఇత్తడి గుండీలు. ఆ మేళంలో క్లారినెట్ ఊదే భోజన్న నాకు స్నేహితుడు. అతనికి జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

భోజన్నది బిలోలి పక్క పల్లె. మేళం యజమాని దిగంబర్‌దీ అదే ఊరు. ఇద్దరూ ఒకే బడిలో మరాఠీ అక్షరాలు దిద్దుకున్నారు, ఒకే రోజు బస్సెక్కి నాందేడ్ వచ్చారు. దిగంబర్ మాటకారి, పెళ్లిళ్లు మాట్లాడుకొచ్చేవాడు. భోజన్న మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. అతను ఊదితే పెళ్లికొడుకు మేనమామలు సిగ్గు మరిచి వీధిలో ఎగిరేవారు.

భోజన్నకు చిన్నప్పటినుంచీ పీనస ఉండేది. పెళ్లికొడుకులను ఊరేగించడానికి దిగంబర్ తెల్ల గుర్రాన్ని కొన్నాక అది ముదిరింది. ముక్కు రెండువైపులా మూసుకుపోయి, తల దిమ్మెక్కి, అన్నం వాసన కూడా తెలియకుండా పోయింది. 1974లో దసరా ముందు దిగంబరే అతన్ని హైదరాబాదు తీసుకెళ్లాడు. అక్కడి డాక్టరు చేతి మీద సూదితో గీతలు పెట్టి, ఒక్కో గీతకు ఒక్కో మందు చుక్క వేసి చూశాడు. గుర్రం తాలూకు చుక్క పడ్డచోట రూపాయంత దద్దు లేచింది.

పై పెదవి ఎత్తి, చిగురు పైన కోసి ఆపరేషన్ చేశారు. క్లారినెట్ ఊదేవాడికి పెదవే బతుకు కదా, భోజన్న దేవుళ్లందరికీ మొక్కుకుని పడుకున్నాడు.

"లోపల శుభ్రం చేసినం. కాని గుర్రం దగ్గరికొస్తే మళ్ల వాస్తది, పుండు మానదు. దాని వెంట్రుక అంటిన బట్ట గూడ వద్దు. రెండోసారి కొయ్యాల్సొస్తే, గీ పెదవితోని ఊదుడు కష్టమే" అన్నాడు డాక్టరు.

పక్కనే కూర్చున్న దిగంబర్ అంతా విన్నాడు. "మాహూర్ రేణుకమ్మ తోడు, గుర్రాన్ని నీ ఛాయలకు రానియ్య" అన్నాడు.

దీపావళికి భోజన్న నా కొట్టుకొచ్చాడు. కొత్త గుడ్డ తాను ముక్కు దగ్గర పెట్టుకుని, గంజి వాసన తెలుస్తోందని చెప్పి ఎంత మురిసిపోయాడో!

కార్తీకంలో తులసి పెళ్లి పండుగ అయ్యాక ముహూర్తాలు మొదలయ్యాయి. పుండు మానింది, ఊదవచ్చన్నారు. భోజన్న ముందు వరసలో నడిచాడు, గుర్రం ఎక్కడో వెనక. అయినా మూడు వారాలకే ముక్కు మళ్లీ బిగుసుకుంది. ఉప్పునీళ్లతో కడిగాడు, మాత్రలు మింగాడు. భార్య శివవ్వను కారం దంచనివ్వలేదు, పోపు పెట్టనివ్వలేదు. దిగంబర్ వారం వారం వచ్చి చాయ తాగుతూ, "వదినె, గీ మేకతోనే అయితుందేమో, అమ్మేయుండ్రి" అన్నాడు. పాపం శివవ్వ ఏడ్చుకుంటూ పాడిమేకను అమ్మేసింది. భోజన్న హైదరాబాదు డాక్టరును దొంగ అని తిట్టాడు. ఆ తిట్లకు నేనూ వంతపాడాను.

కోట్లన్నీ దిగంబర్ ఇంట్లోనే ఉండేవి, పెళ్లికి తొడుక్కోవడం, మళ్లీ ఇచ్చేయడం. మార్గశిరం చివర్లో ఒక పెళ్లి కాగానే భోజన్న తన కోటుతో తిన్నగా నా దగ్గరికొచ్చాడు. మనిషి సగమయ్యాడు. "గిది వదులైంది, జర బిగువు చెయ్యే" అన్నాడు.

అంచు కుట్లు ఊడి ఉన్న లోపలి గుడ్డ, అస్తరు, విప్పాను. లోపల గుప్పెడు పొట్టి తెల్ల వెంట్రుకలు. గుర్రం చెమట కంపు గుప్పుమంది. నాకు తెలిసింది గాని, ముక్కు మూసుకుపోయిన భోజన్నకు ఎలా తెలుస్తుంది?

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. దర్జీ పట్టగలడు. మర్నాడు పొద్దున్నే భోజన్నను వెంటబెట్టుకుని వెళ్లాను. దిగంబర్ పెరట్లో గుర్రం నిలబడి ఉంది, దాని వీపు మీద మూడు ఎర్ర కోట్లు కప్పి ఉన్నాయి.

"ఏందిది దిగంబర్?" అన్నాడు భోజన్న.

"దాని మీద కప్పే జూలు గుడ్డ చినిగింది. సలికి దగ్గు పట్టింది. నీ కోటు పెద్దది, వీపంత కప్పుతది."

"మరి మా శివవ్వతోని మేకనెందుకు అమ్మిచ్చినవ్?"

దిగంబర్ గుర్రం మెడ నిమురుతూ, "గిది సస్తె మల్ల ఏడికెల్లి తేవాలె? నీదైతె ముక్కే గద" అన్నాడు.

"మల్ల కోస్తె నేను ఊదలేనని నీకెర్కనా?"

జారిపోతున్న కోటును గుర్రం మీదికి సర్దాడు దిగంబర్.

"ఎర్కనే."

భోజన్న అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాడు. ముప్పై ఏళ్ల దోస్తు నమ్మించి గొంతు కోస్తే మనిషి ఇంకేం చేస్తాడు? నాకు దిగంబర్‌ను కొట్టాలనిపించింది. కొట్టలేదు, ఆ బాధ ఇంకా ఉంది. ఆ రోజుతో అతని కోట్లు కుట్టడం మానేశాను.

మాఘంలో భోజన్న పెదవి ఎత్తి రెండోసారి కోశారు. ముక్కు తెరుచుకుంది గాని, పై పెదవికి స్పర్శ పోయింది. ఇప్పుడు క్లారినెట్ నోట్లో పెట్టుకుంటే, అది పెదవికి ఆనిందో లేదో చూసి చెప్పమని శివవ్వను అడుగుతాడు.