ఒడిబియ్యంల ఫోను

ఒక పాత డబ్బా ఫోను కింద పడితే ఏమైతది? మహా అంటే పలుగుతది. నా ఫోను పడితే మాత్రం జోగిపేటల మా వియ్యాలవారి ఇల్లు ఇల్లంత దేవుని అర్ర ముందట చేతులు జోడిచ్చి నిలబడ్డది. సగం గడ్డం గీసుకున్న మా వియ్యంకుడు అన్నయ్యగారితోని సహా. ఇదంత నా చేతుల మీదుగ జరిగిందే. నాకు రాసుడు నా పేరు దాకనే వస్తది గనుక నోటితోని చెప్తున్న, రాసేటోళ్లు రాస్తున్నరు. మీరు నవ్వుకోండ్రి, నేనేమనుకోను.

ముందుగాల ఆ ఫోను సంగతి చెప్పాలె. మా ఆయన కర్దనూర్ పక్కన పైపుల కంపెనీల పనిచేసెటోడు. డ్యూటీ కాడికెల్లి ఫోన్ చేస్తే నేను ఎత్తకపోతుంటి. ఎత్తద్దని కాదు. ఇంట్ల అందరి ఫోన్లు ఒక్క తీరుగనే మోగేవి, నాది ఏదో ఎట్ల తెలుస్తది? ఒకనాడు ఆయనకు మస్తు కోపమొచ్చి, ఆ ఫోనుల తన గొంతు నింపి అదే మోగేటట్టు పెట్టిండు. అప్పటినుంచి ఎవ్వరు ఫోన్ చేసినా ఆయనే అరుసుడు:

“ఏమే సత్తెవ్వా! ఫోన్ ఎత్తు! చెవుడొచ్చిందా ఏంది?”

బస్సుల అరుస్తడు. అంగట్ల అరుస్తడు. ఒకసారి సావుకాడ అరిచిండు, ఏడ్సెటోళ్లంత ఏడుపు ఆపి నా దిక్కు చూసిండ్రు.

“తీసెయ్యరాదయ్యా, ఇజ్జత్ పోతున్నది” అంటే, “నువ్వు జల్దీ ఎత్తుడు నేర్చుకో, నేను అరుసుడు బంద్ చేస్త” అనేటోడు.

నేను నేర్చుకోకముందే ఆయన పోయిండు. ఫోటోలున్నయి, అంగీలున్నయి, కంపెనీ బూట్లు సుత ఉన్నయి. గొంతు మాత్రం ఆ ఒక్క ఫోనుల్నే ఉన్నది. ఇగ అప్పటినుంచి ఫోన్ మోగితే జల్దీ ఎత్తుడే బంద్ చేసిన. మొత్తం తిట్టనిచ్చి, అప్పుడు ఎత్తుత.

ఇగ ఫోను పడ్డనాటి సంగతి. జోగిపేటకిచ్చిన నా బిడ్డ స్వప్నకు తెల్లారితే ఒడిబియ్యం. పుట్టింటోళ్లు బిడ్డ ఒడిల పసుపు బియ్యం పోసి, మూట గట్టి అత్తగారింటికి సాగదోలుడు మాకు పెద్ద పండుగ. పని ఒత్తిడిల ఫోను బొడ్డుకాడ దోపుకున్న. బర్రెకు తవుడు కలుపుదామని వంగిన. ఫోను జారి కుడితి తొట్టిల పడ్డది. నేను చెయ్యి పెట్టేలోపల బర్రె మూతి పెట్టింది. ఇద్దరం కొట్లాడినం. గెలిచింది నేనే, గని ఫోను తవుడు పూసుకోని చేపపిల్ల లెక్క బయటికొచ్చింది. అద్దం నల్లగ ఉన్నది, ఊపిరి లేదు.

ఉరికిన ఇస్నాపూర్‌కు. ఫోన్లు బాగుచేసే దుకాణపాయనది బీహారు దిక్కు, తెలుగు సగం హిందీ సగం.

“దీంట్ల ఏం పోసినవ్ అమ్మా?”

“కుడితి.”

“కుడితి మత్లబ్?”

“బర్రె తాగే చాయ్ అనుకో.”

ఫోను వాసన చూసి మొకం అటు తిప్పుకున్నడు. విప్పి, తుడిచి, గాలి కొట్టి చెప్పిండు: “డిస్‌ప్లే ఖతం. లోపల ఆవాజ్ ఉందా లేదా, ఎండినంకనే తెలుస్తది. బ్యాటరీ తీసి పక్కకు పెట్టు. ఫోన్ బియ్యంల పెట్టు. సూఖా, ఎండిన బియ్యం ఉండాలె, సమ్జే?”

“సమజైంది బిడ్డా.”

ఏం సమజైంది? ఇంటికొచ్చి ఆలోచన చేసిన. గుండెకాయ తీసి అవుతల పెడితే మనిషి బతుకుతడా? బ్యాటరీ మళ్ల దాంట్లనే పెట్టిన. మీద వత్తేటివన్ని వత్తిన. చప్పుడు లేదు. ఇగ బియ్యం సంగతి. డబ్బల రేషన్ బియ్యం ఉన్నయి గని పురుగులు పట్టినయి. పురుగులు లోపలికి సొచ్చి మా ఆయన గొంతు తింటే? ఇంట్ల అన్నిటికన్న మంచి బియ్యం ఏంటియి? ఒడిబియ్యం కోసం రాళ్లేరి, ఎండబోసి, కొత్త గంగాళంల పెట్టిన సన్నబియ్యం. ఫోను దాచి పెట్టుదామని పసుపుపచ్చ రైక గుడ్డల చుట్టి, చంటిపిల్లను పండవెట్టినట్టు ఆ బియ్యంల పండవెట్టిన. తెల్లారంగనే తీసుకుందామనుకున్న.

తెల్లారంగ పొయ్యిమీద బగార అన్నం, ఇంటినిండ చుట్టాలు. నేను తీసుడు యాదికొచ్చేసరికి గంగాళం ముందటర్రల ఉన్నది. దాని సుట్టు ముత్తైదువలు. ఆయన లేని ఆడిదాన్ని, నేను వంటింటి గడప దాటి అక్కడికి పోవద్దు, బియ్యం ముట్టద్దు. పోసేది మా మరిది, ఆయన పెండ్లాం భాగ్యమ్మ, అంటే నా యారాలు.

తలుపు సందుల నిలబడి భాగ్యమ్మకు సైగ చేసిన. చెవుకాడ చెయ్యి పెట్టి చూపిన. భాగ్యమ్మ మెల్లగ నా దిక్కొచ్చి, “పెట్టిన అక్కా, కొత్త కమ్మలే పెట్టిన బిడ్డకు” అని మళ్ల పోయింది.

నేను గంగాళం చూపిన, మళ్ల చెవు చూపిన, రొమ్ము మీద కొట్టుకున్న.

“ఏడువకు అక్కా. బావ పైనుంచి చూస్తనే ఉంటడు” అని కండ్లు తుడుచుకున్నది.

ఇగ ఆ చుట్టాల ముందట ‘ఒడిబియ్యంల కుడితి ఫోను పెట్టిన’ అని ఎట్ల ఒర్రుదు? చూస్తుండంగనే భాగ్యమ్మ చేతికి ఆ పచ్చ గుడ్డ మూట తగిలింది. పసుపు కొమ్ములనుకున్నది పిచ్చిది. కండ్లకద్దుకోని, ఎండుకొబ్బరి కుడుకల పక్కన, నా బిడ్డ ఒడిల పెట్టింది. స్వప్న తల వంచుకోని, “బాపు ఉంటే బాపే పోస్తుండె” అని ఏడ్చింది. నేను లోపల ఏడ్చిన. ఇద్దరం ఒక్కని కోసమే ఏడుస్తున్నం, ఆ ఒక్కడు ఆమె ఒడిల్నే ఉన్నడు, అది నాకొక్కదానికే ఎరుక.

మూట కట్టిండ్రు, బిడ్డ అల్లుడు కారెక్కిండ్రు, జోగిపేట పోయిండ్రు.

అప్పుడు భాగ్యమ్మను వంటింట్లకు గుంజి అసలు సంగతి చెప్పిన. ఆమె నోట్ల లడ్డు అట్లనే ఉన్నది.

“అక్కా! మంచిరోజు చూసి వండేదాక ఆ మూట విప్పద్దు! వాళ్ల అత్త సంగతి నీకు తెల్వదా?”

తెలుసు. మా వదిన, అంటే స్వప్న అత్త, మడి మనిషి. ఆమె ముందట తుమ్ముతె సుత తిథి చూసుకోని తుమ్మాలె. అయినా ఎట్ల ఊకుంట, ఫోను లోపలి తడికి గొంతు మొత్తం పోతే? మర్నాడే ఇద్దరం, బిడ్డ మరిచిపోయిందని ఒక దువ్వెన పట్టుకోని బస్సెక్కినం.

“దువ్వెన కోసం ఇంత దూరమొచ్చిన్రా వదినా?” అన్నది వదిన, చాయ్ తెచ్చి.

“దానికి ఆ దువ్వెన లేకుంటే నిద్ర పట్టదు వదినా” అన్న. స్వప్న నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

దేవుని అర్రల పటాల ముందట మూట కూసున్నది. ఎట్ల అడుగుదు? నోరు తెరుస్త, మూస్త. అప్పుడే, మేము చేరినమా లేదా అని మా మరిది ఇంటికాడికెల్లి నా నంబర్‌కు ఫోన్ కొట్టిండు. ఫోను సంగతి ఆయనకు తెల్వదు మరి.

“ఏమే సత్తెవ్వా! ఫోన్ ఎత్తు! చెవుడొచ్చిందా ఏంది?”

మూటలకెల్లి. దేవుని అర్రలకెల్లి. మా ఆయన.

వదిన చేతిల చాయ్ పళ్లెం దఢేల్‌మని కింద పడ్డది. అన్నయ్యగారు గడ్డం సబ్బుతోనే ఉరికొచ్చిండు. అల్లుడొచ్చిండు. పక్కింటోళ్లొచ్చిండ్రు. వదిన చేతులు జోడిచ్చి, “వచ్చినవా అన్నా! బిడ్డ ఒడి నింపనీకె వచ్చినవా!” అన్నది. అందరు చేతులు జోడిచ్చిండ్రు. మూట మళ్ల అరిచింది, “చెవుడొచ్చిందా ఏంది?”

“లేదన్నా, వినబడుతున్నది!” అన్నది వదిన, చెంపలేసుకుంట.

ఇగ ఆగలేక మొత్తం చెప్పిన. బర్రె, కుడితి, తియ్యకుంట పెట్టిన బ్యాటరీ, పచ్చ గుడ్డ, అన్ని. తిడుతదనుకున్న. వదిన మూట ముడి ఇంకింత గట్టిగ బిగిచ్చింది. స్వప్న ఆ మూట ముందట కూలబడి, ఏడ్చుకుంట నవ్వుకుంట, “అమ్మా, ఇంకోసారి ఫోన్ చెయ్యవే” అన్నది.

“ఒడిబియ్యం మధ్యల విప్పద్దు” అని తీర్పు చెప్పింది వదిన. “అన్న బిడ్డ ఇంటికొచ్చిండు. మంచిరోజు దాక ఉండి పోతడు.”

ఉన్నడు. బ్యాటరీ ఉన్నన్నాళ్లు వాళ్ల గల్లీల ఎవరికి ఖాళీ దొరికితే వాళ్లు నా నంబర్‌కు ఫోన్ చేసి మా ఆయనతోని తిట్టిపిచ్చిండ్రు. మంచిరోజు మూట విప్పితే ఫోను పసుపు పూసిన పెండ్లికొడుకు లెక్క తేలింది. మా అల్లుడు ఆ గొంతును స్వప్న ఫోనులకు సుత ఎక్కిచ్చిండు. ఇప్పుడు జోగిపేటల ఫోన్ మోగితే నా పేరు పెట్టే అరుస్తడు. వదిన వంటింట్లకెల్లి, “ఆగన్నా, ఎత్తుతున్నది!” అని జవాబు చెప్తది.

నా ఫోనుకు ఇప్పుడు ఆయన కంపెనీ అంగీ జేబు కత్తిరిచ్చి సంచి కుట్టిన. తాడు కట్టి మెడల ఏసుకున్న. బర్రె మెడల గంట, నా మెడల మొగడు.

పొయ్యి సాక్షిగ ఒట్టు పెట్టి చెప్తున్న: బతికున్నన్ని రోజులు ఇగ ఫోను బియ్యంల పెట్ట. ఎప్పుడన్న ఖర్మకాలి పెట్టినా సరే, బ్యాటరీ మాత్రం తియ్యనే తియ్య.